విదేశీ కంపెనీతో ఒప్పందమట.. ఆ చిన్న షేరు కొనొచ్చా?

తల్లాడ: మిర్చి డబ్బు చేతికొచ్చిన వారంలోనే మా ఖాలా కొడుకు ఫోన్‌లో ఓ మెసేజ్ చూపించాడు. హైదరాబాద్‌లోని ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. దానికి ఐరోపాలోని పెద్ద కంపెనీతో ‘టైఅప్’ కుదిరిందట. షేరు ఇప్పుడు నలభై రూపాయలు, ఆరు నెలల్లో రెండు వందలు. "భయ్యా, ఒక లక్షా ఎనభై ఉన్నాయి. పెట్టనా?" అని అడిగాడు. ఆ లక్షా ఎనభై వేలు వాడి చెల్లెలి నికా కోసం ఖాలా కౌలు చేనులో వంగి కోసిన మిర్చి డబ్బు. ఖమ్మం మార్కెట్ యార్డులో కాంటా అయ్యి పది రోజులు కూడా కాలేదు.

తల్లాడ క్రాస్‌రోడ్డులో చాయ్ తాగుతూ వాడికి చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నా. కొనమనీ కాదు, వద్దనీ కాదు. ఏ షేరు కొనాలో చెప్పడానికి నాకు లైసెన్స్ లేదు, బీకాం మాత్రమే ఉంది. కానీ ‘విదేశీ భాగస్వామ్యం’ అనే మాట వినగానే ఏం వెతకాలో చెప్పగలను. దానికి మన హైదరాబాద్‌లోనే మంచి ఉదాహరణ ఉంది.

ఇన్సులేటర్ల కంపెనీ, చైనా బస్సు

ఒలెక్ట్రా గ్రీన్‌టెక్ పేరు చాలామందికి తెలుసు. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు 2019 నుంచి తిరుగుతున్న ఎలక్ట్రిక్ పుష్పక్ బస్సులు, తిరుపతి నుంచి కొండ మీదకు వెళ్లే ఎలక్ట్రిక్ బస్సులు ఈ కంపెనీవే. దీని పాత పేరు గోల్డ్‌స్టోన్ ఇన్‌ఫ్రాటెక్. అప్పట్లో కరెంటు లైన్లకు, రైల్వే లైన్లకు వాడే పాలిమర్ ఇన్సులేటర్లు తయారు చేసేది. మార్కెట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని చిన్న షేరు.

ఆ కంపెనీ చైనాకు చెందిన బీవైడీతో చేతులు కలిపింది. బ్యాటరీలు, ఎలక్ట్రిక్ బండ్లలో బీవైడీ ప్రపంచంలోని పెద్ద కంపెనీల్లో ఒకటి. అమెరికాలో వారెన్ బఫెట్ నడిపిన బెర్క్‌షైర్ హాతవే 2008లో అందులో దాదాపు 23 కోట్ల డాలర్లు పెట్టింది. గోల్డ్‌స్టోన్, బీవైడీ పేర్లతో వచ్చిన బస్సు 2017లో హిమాచల్‌లోని మనాలి నుంచి రోహ్‌తాంగ్ కనుమ దారిలో నడిచింది. అదే ఏడాది ముంబై బెస్ట్ సంస్థకూ బస్సులు అందాయి. 2018లో కంపెనీ పేరు ఒలెక్ట్రాగా మారింది. అదే ఏడాది మేఘా ఇంజనీరింగ్ గ్రూపు దాన్ని చేతిలోకి తీసుకుంది.

షేరు సంగతి చూడండి. 2018లో రెండు వందలు దాటింది. 2020 మార్చిలో కరోనా భయంతో మార్కెట్ కూలినప్పుడు వంద లోపుకు పడిపోయింది. 2024 ఫిబ్రవరిలో రెండు వేలు దాటింది. ఆ తర్వాత మళ్లీ చాలా కిందకు వచ్చింది. 2018లో కొన్న మనిషిది ఒక కథ, 2020లో కొన్న మనిషిది ఇంకో కథ, 2024 ఫిబ్రవరిలో కొన్న మనిషి కథ వేరే. ముగ్గురూ కొన్నది ఆ చైనా భాగస్వామి ఉన్న కంపెనీ షేరే. అంటే భాగస్వామి పేరు తెలిసినంత మాత్రాన లాభమా నష్టమా తేలదు. మరి దేంతో తేలుతుంది?

డబ్బు ఎటు నుంచి ఎటు పోతోంది?

నా లెక్కలో మొదటి ప్రశ్న ఇదే. చాలామంది ఇది అడగరు.

‘భాగస్వామ్యం’ అనే ఒక్క మాట కింద నాలుగైదు రకాల వ్యవహారాలు ఉంటాయి. విదేశీ కంపెనీ మన కంపెనీలో కొత్త షేర్లు కొంటే డబ్బు లోపలికి వస్తుంది. మన కంపెనీ వాళ్ల టెక్నాలజీ వాడుకుని రాయల్టీ కడితే డబ్బు బయటికి పోతుంది. వాళ్ల విడిభాగాలు కొని ఇక్కడ బిగించి అమ్మినా డబ్బు ముందు బయటికే పోతుంది, బండి అమ్ముడుపోయాకే తిరిగొస్తుంది. వాళ్లు మనకు పని అప్పజెప్తే ఆర్డర్ డబ్బు వస్తుంది. వాళ్ల సరుకును ఇక్కడ అమ్మిపెట్టడమే అయితే కమీషన్ మాత్రమే మిగులుతుంది. పేపర్లో అన్నిటికీ ఒకటే హెడ్డింగ్ వేస్తారు, ‘విదేశీ దిగ్గజంతో ఒప్పందం’ అని. మా వృత్తి వాళ్ల తప్పు కూడా ఉంది అందులో.

ఒలెక్ట్రా, బీవైడీలది పెట్టుబడి సంబంధం కాదు. టెక్నాలజీ, విడిభాగాల సంబంధం. బఫెట్ కంపెనీ డబ్బు బీవైడీలో ఉంది కాబట్టి గోల్డ్‌స్టోన్‌లోనూ ఉన్నట్టే అనుకుంటే అది పూర్తిగా తప్పు. మా ఊరి కిరాణా కొట్టులో పెద్ద కంపెనీ సబ్బు అమ్మినంత మాత్రాన ఆ కంపెనీ ఓనర్ కొట్టులో వాటాదారు అయిపోడు కదా. పైగా బెర్క్‌షైర్ 2022 నుంచి బీవైడీ షేర్లు అమ్ముతూ వచ్చి, మొత్తం అమ్మేసి బయటపడింది. ఆ సంగతి 2025లో బయటికొచ్చింది.

అలాగని ఆ భాగస్వామ్యం పనికిరానిది అనడం లేదు. ఇన్సులేటర్ల కంపెనీకి సొంతంగా ఎలక్ట్రిక్ బస్సు తయారు చేయాలంటే ఎన్నేళ్లు పట్టేదో! బీవైడీ వల్ల ఆ దూరం తగ్గింది. అందరికంటే ముందు టెండర్లలో నిలబడగలిగింది. ఇది నిజమైన లాభం. కాకపోతే టెక్నాలజీ ఎవరిదో వాళ్ల చేతిలోనే తాళం ఉంటుంది. ఒప్పందం ఎన్నేళ్లు, మన దేశంలో ఇంకెవరికీ ఇవ్వకూడదన్న షరతు ఉందా, గడువు ముగిశాక ఆ డిజైన్ ఎవరిది.. ఈ మూడూ తెలియకుండా ఆ షేరుకు ధర కట్టలేం.

చాయ్ హోటల్లో చేయగలిగిన లెక్క

2023 జూలైలో మహారాష్ట్ర ఆర్టీసీ నుంచి ఒలెక్ట్రా గ్రూపుకు 5,150 ఎలక్ట్రిక్ బస్సుల ఆర్డర్ వచ్చింది. విలువ దాదాపు 10 వేల కోట్లు. బస్సులు 24 నెలల్లో ఇవ్వాలి. ఆ వార్తకు షేరు ఎగిరింది.

ఇప్పుడు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. 5,150ని 24తో భాగిస్తే నెలకు 214 పైనే వస్తుంది. అంటే ఏడాదికి 2,575 బస్సులు. మరి 2022-23లో కంపెనీ మొత్తంగా ఇచ్చిన బస్సులు ఎన్ని? 560 చుట్టుపక్కల. ఒక్క ఈ ఆర్డర్ కోసమే ఏడాదికి అంతకు నాలుగున్నర రెట్లు తయారు చేయాలి. తెలంగాణ ఆర్టీసీ అదే ఏడాది ఇచ్చిన 550 బస్సుల ఆర్డర్ వేరే ఉంది. రంగారెడ్డి జిల్లా సీతారాంపూర్‌లో 150 ఎకరాల్లో కొత్త ఫ్యాక్టరీ కట్టే పని పెట్టుకున్నారు, నిజమే. కానీ ఫ్యాక్టరీ కట్టాలి, మనుషులను పెట్టుకోవాలి, బ్యాటరీలు రావాలి, ఆర్టీసీ డిపోల్లో ఛార్జర్లు పెట్టాలి. ఇవన్నీ అయ్యాకే బస్సు రోడ్డెక్కుతుంది.

ఏమైంది? 2023-24లో కంపెనీ అమ్మకాలు 1,150 కోట్ల చిల్లర. అంతకు ముందు ఏడాది 1,090 చుట్టూ ఉన్నాయి. అంటే ఏడాదిలో ఐదారు శాతం పెరుగుదల. అదే సమయంలో షేరు ఆరేడు వందల నుంచి రెండు వేలు దాటింది, అంటే మూడు రెట్లు! ఈ కంపెనీకి 8 కోట్ల 20 లక్షల షేర్లు ఉన్నాయి. రెండు వేల లెక్కన కంపెనీ మొత్తం ధర 16,400 కోట్లు. ఆ ఏడాది లాభం 80 కోట్ల లోపే. అదే లాభం ఏటా వస్తూ ఉంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి రెండు వందల ఏళ్లకు పైగా పడుతుంది. మన మనవలకు మనవలు కూడా ఉండరు అప్పటికి. లాభం బాగా పెరుగుతుందన్న ఆశకే జనం ఆ ధర కట్టారు. తర్వాతి ఏడాది అమ్మకాలు 1,800 కోట్లకు చేరాయి, లాభం కూడా పెరిగింది. మంచి పెరుగుదలే. అయినా షేరు పడింది, ఎందుకంటే ధరలో అంతకంటే ఎక్కువ ఆశ ముందే కలిసిపోయి ఉంది.

2025 మే నెలలో మహారాష్ట్ర రవాణా మంత్రి ప్రతాప్ సర్నాయక్ ఆ ఒప్పందం రద్దు చేయమని అధికారులకు చెప్పారు. అప్పటికి ఇచ్చిన బస్సులు 220 మాత్రమే అని వార్తలొచ్చాయి. షేరు ఇంకా దిగింది. ఆర్డర్ వచ్చిన రోజున ఆ భాగహారం చేసిన వాళ్లకు ఇది పెద్ద ఆశ్చర్యం కాదు.

కాబట్టి చిన్న కంపెనీ విదేశీ ఒప్పందం గురించి చదివినప్పుడు ఆర్డర్ విలువ పక్కన రెండు అంకెలు రాసుకోండి. కంపెనీ పోయిన ఏడాది చేసిన అమ్మకం ఒకటి, ఒప్పందం గడువు రెండోది. యాభై కోట్ల అమ్మకాల కంపెనీకి ఐదేళ్లలో ఐదు వందల కోట్లు వస్తాయని చెప్తే, ఏడాదికి వంద కోట్లు, అంటే ఇప్పుడున్న దానికి రెండింతల పని అదనం. అంత పనికి మనుషులు, డబ్బు ఎక్కడివి? అప్పు తెస్తారా, కొత్త షేర్లు అమ్ముతారా? కొత్త షేర్లు అమ్మితే లాభం ఎక్కువమందికి పంచాలి, మన వాటా పలచబడుతుంది.

ఢిల్లీలో మారిన గాలి

విదేశీ భాగస్వామి అన్నాక కంపెనీ చేతిలో లేని విషయం ఒకటి ఉంటుంది. రెండు దేశాల సంబంధం.

2020 ఏప్రిల్‌లో కేంద్రం ప్రెస్ నోట్ 3 తెచ్చింది. మనతో భూసరిహద్దు ఉన్న దేశాల నుంచి పెట్టుబడి రావాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. జూన్‌లో గల్వాన్ ఘర్షణ జరిగింది. జూలైలో ప్రభుత్వ టెండర్లలో అలాంటి దేశాల కంపెనీలు పాల్గొనాలంటే ముందు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలన్న నిబంధన వచ్చింది. బస్సులు కొనేది ఎక్కువగా ప్రభుత్వ ఆర్టీసీలే కదా. చైనా భాగస్వామి ఉన్న కంపెనీకి ఇది చిన్న విషయం కాదు.

2023లో బీవైడీ, మేఘా కలిసి వంద కోట్ల డాలర్లతో హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ కార్ల ప్లాంటు పెడతామని ప్రతిపాదించాయి. జూలైలో కేంద్రం దాన్ని ఒప్పుకోలేదని వార్తలొచ్చాయి. అంటే ఒకే నెలలో ఒక పక్క మహారాష్ట్ర ఆర్డర్, ఇంకో పక్క ఢిల్లీ నుంచి ‘కాదు’. చిన్న మదుపరి మొదటి వార్త మాత్రమే ఫార్వర్డ్ చేసుకున్నాడు.

భాగస్వామి జపాన్ వాళ్లయితే, కొరియా వాళ్లయితే ఈ ఇబ్బంది తక్కువ. అక్కడ యెన్, డాలర్ ధరల గొడవ ఉంటుంది. రూపాయి పడితే దిగుమతి చేసుకునే కంపెనీకి ఖర్చు పెరుగుతుంది, ఎగుమతి చేసే కంపెనీకి లాభం. మన కంపెనీ కొనేదా అమ్మేదా అన్నది చూసుకుంటే చాలు.

ఇంకో రెండు హైదరాబాద్ పేర్లు

మోస్‌చిప్ అని ఇంకో కంపెనీ ఉంది. 1999లో మొదలైంది. చిప్‌లు తయారు చేయదు, డిజైన్ చేస్తుంది. 2024లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్, జపాన్ కంపెనీ సోసియోనెక్స్ట్‌తో కలిసి సూపర్ కంప్యూటర్ల కోసం ‘ఏయూఎం’ అనే ప్రాసెసర్ డిజైన్‌లో భాగమైంది. ఇక్కడ నేను చూసేది జపాన్ పేరు కాదు. పని ఇప్పిస్తున్నది సీ-డాక్, అంటే వెనుక ఉన్నది ప్రభుత్వ బడ్జెట్. విదేశీ కంపెనీ పక్కన కూర్చుని పనిచేసే భాగస్వామి. డబ్బు లోపలికి వచ్చే రకం వ్యవహారం ఇది. అయినా చిప్ డిజైన్‌కు ఏళ్లు పడుతుంది, ఒక్కో మెట్టు పూర్తయితేనే బిల్లు అవుతుంది. ఏ ఏడాది ఎంత వస్తుందో చూడకుండా ‘సెమీకండక్టర్’ అనే మాటకే పరిగెత్తకూడదు.

రెండోది చేదు కథ. వైబ్రాంట్ డిజిటల్ అనే హైదరాబాద్ కంపెనీ 2010లో దక్షిణ కొరియా డౌమ్ కంపెనీ నుంచి లైకోస్ అనే పాత అమెరికా ఇంటర్నెట్ బ్రాండును 3 కోట్ల 60 లక్షల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఒకప్పుడు గూగుల్ కంటే ముందు వెలిగిన పేరు అది. వైబ్రాంట్ తన పేరునే లైకోస్ ఇంటర్నెట్ అని మార్చుకుంది. కానీ కొన్న ధరలో మిగతా డబ్బు గురించి డౌమ్‌తో తగాదా వచ్చి ఆర్బిట్రేషన్, కోర్టుల దాకా పోయింది. కంపెనీ తర్వాత బ్రైట్‌కామ్ గ్రూప్ అయింది. 2023లో లెక్కల్లో తేడాల మీద సెబీ ఉత్తర్వులు ఇచ్చింది. 2024లో షేరు ట్రేడింగే ఆగిపోయింది. ట్రేడింగ్ ఆగితే ఏమవుతుందో తెలుసు కదా? ఇంట్లో పెళ్లి ఉన్నా, ఆస్పత్రి ఖర్చు ఉన్నా అమ్ముకోలేరు. విదేశీ బ్రాండు పేరు పెట్టుకోవడం వేరు, ఆ బ్రాండు పూర్తిగా చేతిలో ఉండటం వేరు.

కాగితం ఎక్కడ దొరుకుతుంది?

లిస్టయిన ఏ కంపెనీ అయినా ముఖ్యమైన ఒప్పందం కుదిరితే స్టాక్ ఎక్స్ఛేంజీకి తెలపాలి. సెబీ నిబంధన ప్రకారం కంపెనీ లోపలి నిర్ణయమైతే 12 గంటల్లోపు, బయటి నుంచి వచ్చిందైతే 24 గంటల్లోపు. బీఎస్ఈ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి ‘కార్పొరేట్ అనౌన్స్‌మెంట్స్’ చూడండి. ఉచితం. అక్కడ లేకుండా వాట్సాప్‌లో మాత్రమే ఉంటే అది ఎవరో తమ షేర్లు మనకు అంటగట్టే పని అయ్యే అవకాశమే ఎక్కువ.

ఇక్కడ ఓ మెలిక ఉంది. మీడియాలో వచ్చే పుకార్లను కంపెనీ తనంతట తానే ఖండించాలి లేదా ఒప్పుకోవాలి అన్న నిబంధన 2024లో వచ్చింది. కానీ అది మార్కెట్ విలువలో మొదటి 250 కంపెనీలకే. చిన్న కంపెనీ దాని కిందకు రాదు. కాబట్టి ‘కంపెనీ ఖండించలేదు కాబట్టి నిజమే’ అన్న వాదన చిన్న షేర్ల దగ్గర చెల్లదు.

కాగితంలో మొదట చూడాల్సిన మాట ‘నాన్ బైండింగ్’. ఎంఓయూ అంటే కలిసి పనిచేద్దామన్న కోరిక, అంతే. మనలో సంబంధం మాట్లాడుకోవడానికి, నికా కుదరడానికి ఎంత తేడా ఉందో, ఎంఓయూకీ అసలు కాంట్రాక్టుకీ అంత తేడా ఉంది. తర్వాత మొత్తం రాశారా, గడువు రాశారా, అవతలి కంపెనీ వెబ్‌సైట్‌లో కూడా ఈ ఒప్పందం ప్రస్తావన ఉందా చూడండి. పెద్ద విదేశీ కంపెనీ తన వైపు నుంచి ఒక్క ముక్క కూడా చెప్పలేదంటే, వాళ్లకు ఇది చాలా చిన్న విషయం అన్నమాట.

అలాగే ప్రమోటర్ల వాటా చూడండి. మూడు నెలలకోసారి వివరాలు వస్తాయి. ఒప్పందం వార్త వచ్చిన తర్వాత ప్రమోటరే అమ్ముకుంటుంటే మనం కొనడం ఎందుకు?

ఇంకో విషయం, చిన్న షేర్లకు రోజుకు 5 శాతం, 10 శాతం, 20 శాతం అని సర్క్యూట్ హద్దులు ఉంటాయి. పెరిగేటప్పుడు అప్పర్ సర్క్యూట్‌లో కొనలేక బాధపడతాం. పడేటప్పుడు లోయర్ సర్క్యూట్‌లో కొనేవాడే ఉండడు. ఫోన్‌లో ధర కనిపిస్తుంది, చేతికి డబ్బు రాదు. తేదీ పెట్టుకున్న ఖర్చుకు ఉంచిన డబ్బు ఇలాంటి చోట పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. మోసం అనిపిస్తే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. 1800 22 7575 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి అడగొచ్చు.

హలాల్ లెక్క కూడా మారుతుంది

షేరు షరియాకు సరిపోతుందా అని చూసి కొనేవాళ్లు మనలో చాలామంది. వ్యాపారం హలాల్ అయితే సరిపోదు, వడ్డీ అప్పు ఎంత, వడ్డీ ఆదాయం ఎంత అన్నది కూడా చూస్తారు. అప్పు హద్దు సంస్థను బట్టి 25 నుంచి 33 శాతం దాకా ఉంటుంది. కొందరు కంపెనీ ఆస్తులతో పోలుస్తారు, కొందరు మార్కెట్ విలువతో.

విదేశీ ఒప్పందం తర్వాత కంపెనీ ఫ్యాక్టరీకి బ్యాంకు అప్పు తెస్తే ఈ శాతం మారిపోతుంది. నిన్న లిస్టులో ఉన్న షేరు రేపు ఉండకపోవచ్చు. మార్కెట్ విలువతో పోల్చే పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది. వంద కోట్ల అప్పు ఉన్న కంపెనీ విలువ రెండు వందల కోట్లయితే అప్పు 50 శాతం, సరిపోదు. ఒప్పందం వార్తకు షేరు రెండింతలై విలువ నాలుగు వందల కోట్లయితే అదే అప్పు 25 శాతం, సరిపోతుంది! షేరు పడితే మళ్లీ బయటికి. అప్పు ఒక్క రూపాయి కూడా మారలేదు. అందుకే యాప్‌లో ‘హలాల్’ అని పచ్చ గుర్తు ఉంటే, ఆ లెక్క ఏ తేదీదో, ఏ పద్ధతిదో చూడండి. సందేహం ఉంటే మీ ముఫ్తీ సాబ్‌ను ఈ అంకెలతోనే అడగండి, కంపెనీ పేరుతో మాత్రమే కాదు.

మా ఖాలా కొడుకు, నేను ఆ సాయంత్రమే ఎక్స్ఛేంజీ ఫైలింగ్ తెరిచాం. రెండు పేజీలు. ఎంఓయూ. మొత్తం రాయలేదు, గడువు రాయలేదు, ‘నాన్ బైండింగ్’ అని మాత్రం రాశారు. కంపెనీ పోయిన ఏడాది నష్టంలో ఉంది. అప్పుడు వాడు నెమ్మదిగా అసలు సంగతి బయటపెట్టాడు, పొద్దునే నలభై వేలు పెట్టేశాడట. ఆ నలభై వేలకు తర్వాతి త్రైమాసిక ఫలితాల తేదీ ఫోన్‌లో గుర్తు పెట్టుకున్నాడు. మిగతా లక్షా నలభై వేలు మర్నాడు ఖాలా ఖాతాలో వేసి, రసీదు ఫోటో నాకు పంపాడు.